ఫ్రెడ్డీ మెర్క్యురీ: బల్సారా వారి అబ్బాయి

ప్రపంచంలో కోట్లమందికి ఫ్రెడ్డీ మెర్క్యురీగా తెలిసిన రాక్ గాయకుడి అసలు పేరు ఫరోఖ్ బల్సారా. పార్సీ కుటుంబం. ఆ ఇంటిపేరు గుజరాత్‌లోని బల్సార్ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ ఊరిని ఇప్పుడు వల్సాడ్ అంటున్నారు. ఊరు వదిలినా ఊరి పేరు ఇంటిపేరై వెంట వస్తుందన్న సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మదురైలోనో, షోలాపూర్‌లోనో, బరంపురంలోనో నాలుగైదు తరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో చాలామంది తమ ఇంటిపేరులో ఉన్న ఊరిని కంటితో చూసి ఉండరు. అయినా పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి మొదటి ప్రశ్న ఇంటిపేరే.

ఈమధ్య మన పిల్లల్లో ఒక అమ్మాయికి బడిలో రాక్ సంగీత పరిణామం మీద ప్రాజెక్టు ఇచ్చారు. సాయం చేయమని సంఘం గ్రంథాలయానికి వచ్చింది. నాకు తెలిసిన సంగీతం ఘంటసాల దగ్గర మొదలై ఆయన దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ అమ్మాయి రాసుకొచ్చిన పేర్లలో ఒకదాని పక్కన పంచగని అని ఉంది. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళు మహాబలేశ్వరం వెళ్తూ దారిలో టీ తాగే పంచగని. అక్కడ చదువుకున్న కుర్రాడు రాక్ సంగీతంలో అంతటివాడు ఎలా అయ్యాడన్నది తెలుసుకోవాలనిపించింది. చదివినకొద్దీ పాటల కంటే ఆ ఇంటిపేరు సంగతే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ఫరోఖ్ 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పుట్టాడు. ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గర్లో, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి అది. లవంగాలకు పేరు. ఇప్పుడు టాంజానియాలో భాగం. అప్పుడు సుల్తాను పేరుకు ఉంటే బ్రిటిషువాళ్ళు నడిపేవారు. తండ్రి బోమీ బల్సారా అక్కడి హైకోర్టులో క్యాషియరు. తల్లి పేరు జెర్. ఆరేళ్ళ తర్వాత చెల్లెలు కష్మీరా పుట్టింది. క్యాషియరు ఉద్యోగం అంటే మనలాంటి గుమాస్తా బతుకే, కాకపోతే ప్రభుత్వ కొలువు కాబట్టి కొంత మర్యాద, కొంత నిలకడ. ఇంట్లో గుజరాతీ, బయట ఇంగ్లీషు, వీధిలో స్వాహిలీ వినబడే ఊరు.

పార్సీల గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఇరాన్ నుంచి తమ జొరాస్ట్రియన్ మతాన్ని కాపాడుకుంటూ వెయ్యేళ్ళకు పైగా క్రితం గుజరాత్ తీరానికి వచ్చినవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో మన దేశం మొత్తం మీద వాళ్ళ సంఖ్య 57,264. మన జిల్లా కేంద్రాల్లో ఒక చిన్న పట్టణం జనాభా కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. భాష వదిలి గుజరాతీ పట్టుకున్నారు గానీ అగ్నిని, ప్రార్థనను, కట్టుబాట్లను వదల్లేదు. ఫరోఖ్‌కు కూడా ఎనిమిదేళ్ళ ప్రాయంలో నవ్‌జోత్ చేశారు. మనలో ఒడుగు లాంటిది అది. ప్రార్థనలు చెప్పించి, నడుముకు కుస్తీ అనే పవిత్రమైన దారం కడతారు.

ఆ వయసులోనే పిల్లవాణ్ణి ఓడ ఎక్కించి మన దేశానికి పంపారు. పంచగనిలోని సెయింట్ పీటర్స్ స్కూలు ఒక ఇంగ్లీషు బోర్డింగు బడి. జాంజిబార్ నుంచి బొంబాయికి సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణం, అక్కడి నుంచి పూనా మీదుగా కొండమీదికి. సెలవులకు ఇల్లు చేరడం అన్నిసార్లూ కుదిరేది కాదు. చాలా సెలవులు బొంబాయిలో అమ్మమ్మ దగ్గర, పిన్ని దగ్గర గడిచాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఆ దూరాన్ని ఎలా భరించాడన్నది ఏ పుస్తకంలోనూ సరిగా దొరకదు. పెద్దయ్యాక కూడా ఆ రోజుల గురించి అతను పెద్దగా మాట్లాడలేదు.

ఆ బడిలోనే తోటి పిల్లలు ఫరోఖ్‌ను ఫ్రెడ్డీ అన్నారు. అంటే మొదటి పేరు మారింది లండన్‌లో కాదు, మన పడమటి కనుమల్లో. అక్కడే పియానో కూడా గట్టిపడింది. పిల్లవాడికి సంగీతం మీద పట్టు ఉందని గమనించిన ప్రధానోపాధ్యాయుడు, కొంచెం అదనపు ఫీజు కడితే పియానో పాఠాలు చెప్పిస్తామని ఇంటికి ఉత్తరం రాశాడు. క్యాషియరు జీతంలోంచి బోమీ ఆ ఫీజు కట్టాడు. రాక్ చరిత్ర రాసేవాళ్ళు ఈ అదనపు ఫీజును ఒక వాక్యంలో దాటేస్తారు. నెలాఖరు లెక్కలు చూసుకుని బతికినవాళ్ళకు దాని బరువు తెలుస్తుంది.

రాక్ అండ్ రోల్ అప్పుడప్పుడే ప్రపంచంలోకి వస్తోంది. అమెరికాలో నల్లవారి బ్లూస్ పాటలు, చర్చిల్లో పాడే గాస్పెల్, పల్లె తెల్లవారి కంట్రీ పాటలు కలిసి, వాటికి ఎలక్ట్రిక్ గిటారు తోడై పుట్టిన సంగీతం అది. చక్ బెర్రీ గిటారుతో, లిటిల్ రిచర్డ్ పియానోతో, ఎల్విస్ ప్రెస్లీ గొంతుతో 1950ల మధ్యలో దాన్ని కుర్రకారు సొత్తు చేశారు. మన దేశంలో ఆ పాటలు వినాలంటే రేడియో సిలోన్ ఇంగ్లీషు కార్యక్రమాలే దిక్కు. పంచగని పిల్లలు అలాగే విన్నారు. ఒకసారి విన్న పాటను ఫ్రెడ్డీ పియానో మీద తిరిగి వాయించేవాడని అతని సహవిద్యార్థులు తర్వాత చెప్పారు.

1958లో, పన్నెండేళ్ళ వయసులో, అయిదుగురు పిల్లలు కలిసి ది హెక్టిక్స్ అని ఒక బృందం పెట్టారు. బడి కార్యక్రమాల్లో లిటిల్ రిచర్డ్, క్లిఫ్ రిచర్డ్ పాటలు అచ్చం అలాగే దించేవారు. విచిత్రం ఏమిటంటే అందులో ముందు నిలబడి పాడింది ఫ్రెడ్డీ కాదు. అతను పియానో దగ్గర కూర్చునేవాడు. ఇంకో సంగతి కూడా పిల్లలు తమ ప్రాజెక్టులో రాసుకోవచ్చు. క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలో. బీటిల్స్ మొదటి రోజుల్లో డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ పుట్టింది మద్రాసులో. తర్వాత అటు వెళ్ళిపోయిన కుటుంబాలు అవి. రాక్ పుట్టుకలో మనకు వాటా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు, లేదు కూడా. కానీ ఆ సంగీతాన్ని ఇంగ్లండులో పెంచినవాళ్ళలో ఈ నేల మీద నడిచినవాళ్ళు కొందరున్నారు.

1963 ప్రాంతంలో ఫ్రెడ్డీ జాంజిబార్‌కు తిరిగి వెళ్ళాడు. ఆ ఏడాది డిసెంబరులో దీవికి స్వాతంత్ర్యం వచ్చింది. నెల తిరిగిన వెంటనే, 1964 జనవరి 12న, తిరుగుబాటు జరిగింది. సుల్తాను పారిపోయాడు. అరబ్బుల మీద, భారతీయుల మీద దాడులు జరిగి వేలమంది చనిపోయారు. బల్సారా కుటుంబం చేతికందిన పెట్టెలతో ఇంగ్లండు చేరింది. లండన్ పడమటి కొసన, హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లో ఫెల్తమ్ అనే చోట గ్లాడ్‌స్టన్ ఎవెన్యూలో ఒక చిన్న ఇల్లు. హైకోర్టు క్యాషియరు బోమీ ఒక హోటళ్ళ, భోజనశాలల కంపెనీలో లెక్కలు రాసే పనిలో కుదిరాడు. జెర్ ఒక పెద్ద దుకాణంలో పనికి చేరింది. నడివయసులో మళ్ళీ మొదటి మెట్టు ఎక్కడం ఎలా ఉంటుందో వలస వెళ్ళిన కుటుంబాలకే తెలుసు.

పదిహేడేళ్ళ ఫ్రెడ్డీ ముందు ఒక పాలిటెక్నిక్‌లో, తర్వాత ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో బొమ్మల చదువు చదివి 1969లో గ్రాఫిక్ ఆర్ట్, డిజైన్‌లో డిప్లొమా తీసుకున్నాడు. సెలవుల్లో హీత్రూలో సామాన్లు ఎత్తే పని కూడా చేశాడు. ఆ రోజుల్లో అతని దేవుడు జిమీ హెండ్రిక్స్. గిటారును అంతకుముందు ఎవరూ వాయించని తీరులో మోగించిన నల్లజాతి అమెరికన్, లండన్‌కు వచ్చి పేరు తెచ్చుకున్నవాడు. చదువుకుంటూనే ఫ్రెడ్డీ అతని బొమ్మలు లెక్కలేనన్ని గీశాడు.

ఇబెక్స్, సోర్ మిల్క్ సీ అని రెండు చిన్న బృందాల్లో పాడి, అవి నిలవక, 1970లో బ్రయాన్ మే, రోజర్ టేలర్‌లతో కలిశాడు. మరుసటి ఏడు జాన్ డీకన్ వచ్చి చేరాడు. ఇక్కడ మన తల్లిదండ్రులకు నచ్చే విషయం ఒకటి ఉంది. బ్రయాన్ ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన విద్యార్థి. పాటల కోసం ఆపేసిన ఆ డాక్టరేటును 2007లో పూర్తిచేశాడు. రోజర్ పళ్ళ డాక్టరు కావాలని మొదలుపెట్టి జీవశాస్త్రంలోకి మారినవాడు. జాన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు. బ్రయాన్ వాయించిన గిటారు అతను, తండ్రి కలిసి పాత పొయ్యిగూటి చెక్కతో ఇంట్లో చేసుకున్నది. బ్రయాన్ పెరిగిన ఇల్లు కూడా ఫెల్తమ్‌లో బల్సారా ఇంటికి నాలుగు వీధుల దూరమే. అప్పట్లో ఒకరికొకరు తెలియదు.

బృందానికి క్వీన్ అని పేరు పెట్టింది ఫ్రెడ్డీ. దాని చిహ్నం గీసింది కూడా అతనే. నలుగురి జన్మరాశులూ అందులో ఉన్నాయి: రెండు సింహాలు, ఒక పీత, కన్యారాశికి గుర్తుగా ఇద్దరు దేవకన్యలు. పైన రెక్కలు విప్పిన ఫీనిక్స్ పక్షి. ఆ కన్యారాశి ఫ్రెడ్డీది, పాశ్చాత్యుల లెక్కలో.

అప్పుడే ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు. బల్సారా పోయి మెర్క్యురీ వచ్చింది. మెర్క్యురీ అంటే బుధుడు. కన్యారాశికి అధిపతి బుధుడని మన జ్యోతిషమూ చెబుతుంది, వాళ్ళ జ్యోతిషమూ చెబుతుంది. అది చూసి పెట్టుకున్నాడో లేదో గానీ, తను రాసిన ఒక పాటలో మెర్క్యురీ అనే తల్లి ప్రస్తావన వచ్చిందని, ఇక తను మెర్క్యురీనే అవుతానన్నాడని బ్రయాన్ మే తర్వాత చెప్పాడు. తండ్రి ఊరి పేరు పోయి ఆకాశంలోని గ్రహం పేరు వచ్చి కూర్చుంది.

ఎందుకు మార్చుకున్నాడు? రంగస్థలం కోసం పేరు మార్చుకోవడం కొత్తకాదు. మన సినిమావాళ్ళలో ఎంతమంది అసలు పేర్లు మనకు తెలుసు? అయితే ఆనాటి ఇంగ్లండును కూడా గుర్తుపెట్టుకోవాలి. 1968 ఏప్రిల్‌లో ఇనాక్ పవెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కుతూ చేసిన ప్రసంగం దేశమంతా మోగింది. దక్షిణాసియా ముఖం కనబడితే వీధిలో తిట్టి కొట్టే మూకలు తిరిగిన కాలం. రాక్ వేదిక మీద అలాంటి ముఖం దాదాపు లేనే లేదు. ఫ్రెడ్డీ తన పుట్టుక గురించి అబద్ధం చెప్పాడని నేననను. అడిగినప్పుడు దాటవేశాడు. పత్రికలు అతన్ని పర్షియన్ అని రాస్తే రాసుకోనిచ్చాడు. పార్సీల పూర్వీకులు పర్షియా వాళ్ళే కాబట్టి అది తప్పు కూడా కాదు. పంచగని, బొంబాయి, బల్సార్ మాత్రం ఆ మాట వెనక కనబడకుండా పోయాయి.

పాటల విషయానికి వస్తే, మొదటి రికార్డు 1973లో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. 1974లో కిల్లర్ క్వీన్ అనే పాటతో పేరు వచ్చింది గానీ డబ్బు రాలేదు. మేనేజిమెంటు ఒప్పందం అలాంటిది. అప్పుల మధ్యనే 1975లో ఎ నైట్ ఎట్ ది ఒపేరా అనే ఆల్బం చేశారు. అందులోనిదే బొహీమియన్ రాప్సొడీ. ఫ్రెడ్డీ రాసిన పాట.

రాక్ పరిణామంలో ఈ ఒక్క పాట దగ్గర కాస్త ఆగాలి. అప్పటివరకు రేడియోలో పాట అంటే మూడు నిమిషాలు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. ఈ పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. పల్లవి అంటూ లేదు. పియానోతో ఒక విషాద గీతంగా మొదలై, మధ్యలో ఇటాలియన్ ఒపేరా ఫక్కీలోకి వెళ్ళి, అక్కడి నుంచి గిటారు హోరులోకి దూకి, చివరికి నిశ్శబ్దంలోకి జారుతుంది. ఒపేరా భాగంలో వినబడే గాయకబృందం నిజానికి ముగ్గురే: ఫ్రెడ్డీ, బ్రయాన్, రోజర్. 24 ట్రాకుల టేపు మీద ఒకరి గొంతుపై ఒకరి గొంతు పొరలు పొరలుగా, దాదాపు 180 సార్లు ఎక్కించారు. టేపు మీది పూత అరిగిపోయి వెలుతురుకు పట్టి చూస్తే అవతలివైపు కనబడిందట. మూల రాగం, ఏ గొంతు ఎక్కడ రావాలన్న లెక్క అంతా ఫ్రెడ్డీ బుర్రలో ఉండేది. తన తండ్రి ఆఫీసు కాగితం మీదే కొన్ని పాటల స్వరాలు రాసుకునేవాడని బ్రయాన్ చెప్పాడు. స్టేషనరీ దుర్వినియోగం అని మా పాత సూపరింటెండెంటు అయితే మెమో ఇచ్చేవాడు.

అంత పొడుగు పాటను రేడియోలో ఎవరూ వేయరని రికార్డు కంపెనీ అంది. కెన్నీ ఎవరెట్ అనే రేడియో వ్యాఖ్యాత ఒక్క వారాంతంలో 14 సార్లు వేశాడు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. టీవీ కోసం నాలుగు గంటల్లో తీసిన దృశ్యచిత్రం తర్వాత వచ్చిన మ్యూజిక్ వీడియోల యుగానికి దారి తీసింది. ఆ పాటలో దేవుడి పేరుతో మొదలుపెట్టే అరబ్బీ మాట కూడా ఒకటి ఉంది. జాంజిబార్ వీధుల్లో పెరిగిన పిల్లవాడి చెవిలో అది ఎప్పటినుంచి ఉందో ఆలోచించాలి.

1977 నాటికి కొత్త కుర్రాళ్ళు పంక్ పేరుతో వచ్చి, ఈ ఒపేరాలు, ఆడంబరాలు మాకొద్దు, మూడు స్వరాలు చాలు అన్నారు. వాళ్ళలో ముఖ్యులైన సెక్స్ పిస్టల్స్, క్వీన్ లండన్‌లో ఒకే స్టూడియోలో పక్కపక్క గదుల్లో రికార్డింగు చేసుకున్న రోజులున్నాయి. క్వీన్ ఇచ్చిన జవాబు విచిత్రమైనది. బ్రయాన్ రాసిన వి విల్ రాక్ యూ అనే పాటలో డ్రమ్స్ లేవు. కాళ్ళు నేలకేసి కొట్టడం, చప్పట్లు, అంతే. ఫ్రెడ్డీ రాసిన వి ఆర్ ది ఛాంపియన్స్ దానికి జంట. వినేవాళ్ళే వాయించేలా, పాడేలా కట్టిన పాటలు. ఈనాటికీ ఆటల మైదానాల్లో ఈ రెండూ లేనిదే గడవదు. మన భజనల్లో అందుకునేవాళ్ళు లేకపోతే పాట ఎలా నిలవదో, ఇవీ అంతే.

1979లో మ్యూనిక్‌లో, హోటలు స్నానాలగదిలో, ఫ్రెడ్డీ పది నిమిషాల్లో ఎల్విస్ బాణీలో ఒక పాట కట్టాడు. క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్. పంచగని పిల్లవాడు రేడియో ముందు కూర్చుని విన్న సంగీతానికి తిరిగి వెళ్ళినట్టు ఉంటుంది. అమెరికాలో వాళ్ళకు మొదటిసారి అగ్రస్థానం తెచ్చింది ఆ పాటే. 1981లో దక్షిణ అమెరికా వెళ్ళారు. బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒక్క రాత్రి 1,31,000 మంది వచ్చారు.

ఒక మచ్చ సంగతి కూడా చెప్పాలి. 1984లో క్వీన్ దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో కచేరీలు చేసింది. వర్ణవివక్ష సాగుతున్న దేశానికి కళాకారులు వెళ్ళకూడదని ప్రపంచమంతా కట్టుబాటు పెట్టుకున్న సమయం. సంగీతకారుల సంఘం వాళ్ళకు జరిమానా వేసింది. ఐక్యరాజ్యసమితి నల్లజాబితాలోకీ ఎక్కారు. తమకు రాజకీయాలు తెలియవన్నది వాళ్ళ సమాధానం. మిగతా ముగ్గురి సంగతి ఎలా ఉన్నా, ఆఫ్రికాలో పుట్టి, ఒంటిరంగు కారణంగా పేరు వెనక దాక్కోవాల్సి వచ్చిన మనిషికి అది తెలియకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఆ మరుసటి ఏడే, 1985 జులై 13న, ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ జరిగింది. 72,000 మంది ఎదుట, ఉపగ్రహాల ద్వారా దేశదేశాల్లో కోట్లమంది చూస్తుండగా. ఒక్కో బృందానికి ఇరవై నిమిషాలే. క్వీన్ సభ్యులు ఒక చిన్న థియేటరు తీసుకుని, గడియారాలు పెట్టుకుని, సెకన్లతో సహా సాధన చేశారు. ఫ్రెడ్డీ వేదిక మీదికి తెల్ల బనియనుతో, సగం విరిగిన మైకు కర్రతో వచ్చాడు. ఆ సగం కర్ర అతని గుర్తు. పాటల మధ్య మాటలు లేని ఆలాపన ఒకటి తీస్తే డెబ్బై రెండు వేలమంది అదే స్థాయిలో తిరిగి అందుకున్నారు. ఆనాటి కచేరీల్లో అదే మేటి అని చూసినవాళ్ళూ, పాడినవాళ్ళూ ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి ఫోనులో చూపిస్తే నేనూ చూశాను. భాష తెలియనవసరం లేదు.

మరో ఏడాదికి, 1986 జులైలో, హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పాడాడు. అప్పటికి అది కమ్యూనిస్టు దేశం. ఆ దేశపు జానపద గీతం ఒకటి నేర్చుకుని, మాటలు అరచేతి మీద రాసుకుని, హంగేరియన్‌లోనే పాడాడు. స్టేడియం ఊగిపోయింది. తమ భాషలో ఒక బయటి మనిషి పాడితే జనం ఎలా పొంగిపోతారో మనకు తెలియనిది కాదు. పరాయి రాష్ట్రంలో ఒక అధికారి మన సభకు వచ్చి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడితే చప్పట్లు ఆగవు. ఇక్కడే నాకు కలుక్కుమంటుంది. హంగేరియన్‌లో పాడాడు, తర్వాత బార్సిలోనా ఆల్బంలో ఒపేరా గాయని మోంత్సెర్రాత్ కబయ్యేతో స్పానిష్ పలికాడు, జపనీయుల కోసం ఒక పాటలో జపనీస్ పలికాడు. తల్లి మాట్లాడిన గుజరాతీలో మాత్రం అతని రికార్డుల్లో ఒక్క పాట లేదు.

అయితే దీన్నిబట్టి అతను ఇల్లు వదిలేశాడని తీర్పు చెప్పడానికి లేదు. ఫెల్తమ్ ఇంటికి వచ్చిపోతూనే ఉన్నాడు. తల్లిదండ్రులు, చెల్లెలు అతని కచేరీలకు వెళ్ళేవారు. ఇంట్లో అతను చివరిదాకా ఫరోఖే. రెండు లోకాలకూ మధ్య తలుపు మూసి ఉంచాడు, అంతే. మన పిల్లల్లోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు. ఆఫీసులో తెలుగువాళ్ళమని ఎవరికీ తెలియదు, ఇంటికొచ్చి అమ్మతో అచ్చ తెలుగు మాట్లాడతారు. వాళ్ళను పోయినవాళ్ళ లెక్కలో రాసేయడం మన సభ్యత్వ రిజిస్టరు చేసే పొరపాటు.

తలుపు వెనక ఇంకొకటి కూడా ఉంది. యువకుడిగా మేరీ ఆస్టిన్ అనే ఆమెతో ఆరేడేళ్ళు కలిసి బతికాడు. తన మనసు మగవాళ్ళ మీదికి పోతుందని ఆమెతో చెప్పాక విడిపోయారు గానీ, స్నేహం చచ్చేదాకా సాగింది. కెన్సింగ్టన్‌లోని పెద్ద ఇల్లు ఆమెకే రాశాడు. చివరి ఏళ్ళలో జిమ్ హటన్ అనే ఐరిష్ వ్యక్తి తోడుగా ఉన్నాడు. ఇవేవీ బయట చెప్పుకోలేదు. పార్సీ పెద్దల కట్టుబాట్లు ఒకవైపు, ఇంగ్లీషు చిల్లర పత్రికలు మరోవైపు.

1987లో ఎయిడ్స్ వ్యాధికి కారణమైన హెచ్ఐవీ ఉందని తేలింది. అప్పటికి దానికి సరైన మందు లేదు. రోగిని ముట్టుకోవడానికి కూడా జనం జంకిన రోజులు. బృందంలో మిగతా ముగ్గురికి చెప్పి, బయటికి పొక్కకుండా చూసుకుని, స్టూడియోలో పని పెంచాడు. 1989 నుంచి ఏ పాట ఎవరు రాసినా నలుగురి పేరునా వేయాలని నిర్ణయించుకున్నారు. ఆదాయం దగ్గర పదిహేనేళ్ళుగా వస్తున్న తగాదా అలా తీరింది. నిలబడే ఓపిక లేని స్థితిలో కూడా స్విట్జర్లండులోని మోంత్రో స్టూడియోకు వెళ్ళి, తను పోయాక మిగతావాళ్ళు పూర్తి చేసుకునేలా గొంతు మాత్రం రికార్డు చేసి పెట్టాడు. ఆ పాటలు 1995లో మేడ్ ఇన్ హెవెన్ పేరుతో వచ్చాయి.

1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చాడు. మర్నాటి సాయంత్రం కన్నుమూశాడు. వయసు 45. బొహీమియన్ రాప్సొడీ మళ్ళీ విడుదలై మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ డబ్బు ఎయిడ్స్ రోగులకు సాయపడే టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టుకు ఇచ్చారు. మరుసటి ఏప్రిల్‌లో వెంబ్లీలో స్మారక కచేరీ చేసి, మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు పెట్టారు.

అంత్యక్రియలు నవంబరు 27న లండన్‌లోని కెన్సల్ గ్రీన్‌లో జరిగాయి. వచ్చింది కొద్దిమందే. నడిపింది తెల్ల దుస్తుల్లో వచ్చిన పార్సీ పూజారులు. చదివింది అవెస్తా భాషలోని ప్రార్థనలు. అగ్ని పవిత్రమని నమ్మే పార్సీ సంప్రదాయంలో దహనం సమ్మతం కాదు. అయినా పూజారులు వచ్చారు, ప్రార్థన చెప్పారు. బోమీ, జెర్ కొడుకుకు జరగవలసింది జరిపించారు. పెద్ద బడాయి మాటలేవీ లేకుండా ఒక చిన్న సమాజం చేసిన ఈ పని గురించి ఎక్కువ రాయరు. వేదిక మీద ఇరవై ఏళ్ళు తమ పేరు ఎత్తని మనిషిని, ఆ రోగం పేరు చెబితే ఊరు ఊరంతా ముఖం తిప్పుకునే రోజుల్లో, తమవాడిగానే సాగనంపారు.

అస్థికలు ఎక్కడున్నాయో మేరీ ఆస్టిన్‌కు తప్ప తెలియదంటారు. 2013లో కెన్సల్ గ్రీన్‌లో ఒక చిన్న ఫలకం కనబడిందని పత్రికల్లో వచ్చింది. దాని మీద ఫరోఖ్ బల్సారా అనే పాత పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. వార్త వచ్చిన కొద్ది రోజులకే ఆ ఫలకాన్ని తీసేశారు.

అతను పుట్టిన జాంజిబార్‌లో 2006లో అరవయ్యో జయంతి చేద్దామంటే మతపెద్దలు అడ్డుకున్నారు. 2019లో అక్కడే ఒక మ్యూజియం తెరిచారు. 2016 సెప్టెంబరు 1న ఫెల్తమ్ ఇంటి గోడకు, ప్రముఖులు నివసించిన ఇళ్ళకు పెట్టే నీలి ఫలకాన్ని చెల్లెలు కష్మీరా ఆవిష్కరించింది. బ్రయాన్ మే పక్కన ఉన్నాడు. ఫలకం మీద పైన పెద్ద అక్షరాలతో ఫ్రెడ్డీ మెర్క్యురీ అని ఉంటుంది. దాని కింద, బ్రాకెట్లలో, ఫ్రెడ్ బల్సారా.